అడగకుండా తెచ్చిన దరువు

హైదరాబాదులో అనుదీప్ అనే సంగీతకారుడు ఉండేవాడు, అతనికి ఇంటర్నెట్‌లో ఎవరి పని నచ్చినా దాన్ని చెప్పాపెట్టకుండా తీసుకుని తన పేరు తగిలించుకునే అలవాటు ఉండేది. సినిమాలు చేసేంత పెద్దవాడు కాడు. పెళ్లి వీడియోలకు, నగల దుకాణాల ప్రకటనలకు పాటలు కట్టేవాడు. మనిషి మంచివాడే. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాడు. ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడేవాడు. ఫోన్ చేతిలోకి వచ్చేసరికి మాత్రం ఆ మొహమాటం ఎటు పోయేదో తెలియదు.

రోజూ టిఫిన్ తినగానే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెతకడానికి కూర్చునేవాడు. ఎవరో పడవ నడుపుకుంటూ తీసిన కూనిరాగం దొరికితే అది వారం తిరక్కుండా నగల దుకాణం పాట అయిపోయేది. ఆ పాటకు ముఖచిత్రం కావాలంటే ఏ ఊరి పిల్లో వేసుకున్న బొమ్మ తెచ్చేవాడు. దాని మీద రాత ఇంకొకరిది, చుట్టూ అల్లిక మరొకరిది. పాటకు ముందు ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడితే, అంతవరకు వేలితో జరిపేసి పాట మొదలయ్యే చోట ఆపేవాడు. వాళ్లెవరో, ఎందుకు పాడుతున్నారో అతనికి అక్కర్లేదు. తనకు కావలసింది సంగీతం కాని సోది కాదని స్నేహితులతో అంటుండేవాడు.

ఒకసారి శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "సార్, మీ పాట మీదున్న బొమ్మ నేను మా నానమ్మను చూస్తూ వేసినది. మూలన నా పేరుండేది, దాన్ని చెరిపేశారు. పేరు తిరిగి పెట్టండి చాలు" అని ఎంతో మర్యాదగా అడిగింది. "దీన్ని ఇన్‌స్పిరేషన్ అంటారమ్మా. కళ ఎవరి సొత్తూ కాదు" అని జవాబిచ్చి, ఆ పిల్ల మళ్లీ మెసేజ్ పెట్టకుండా బ్లాక్ చేసేశాడు.

కళ ఎవరి సొత్తూ కాదట. దానికి వచ్చిన మెప్పు మాత్రం అతని సొత్తే. ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. పక్కింటి జామచెట్టు మీద చెయ్యి వేస్తే పిల్లల చెవి మెలేస్తాం. ఇక్కడ ఇంత గడ్డం వచ్చిన మనిషి ఒక ఆడపిల్ల పేరు చెరిపేసి, పైగా ఆమెకే పాఠం చెబుతాడు. ఇంటర్నెట్‌ను నేను తప్పుపట్టను. ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి వాళ్ల ఆటా పాటా చూడగలగడం ఎంత అదృష్టం! చూసి మురిసిపోవచ్చు, నేర్చుకోవచ్చు. తీసుకెళ్లి జేబులో వేసుకోవడానికి మాత్రం ఎవరూ అక్కడ పెట్టలేదు.

అనుదీప్‌కు ఒక చెల్లెలు ఉండేది. పేరు సింధూజ. వాళ్లది జనగామ దగ్గర పల్లె. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి భాగ్యమ్మ ఇద్దరినీ పట్టుకుని నగరానికి వచ్చి, మిషను కుట్టి పెంచి పెద్ద చేసింది. సింధూజకు పెళ్లి కుదిరింది. చీరల గురించీ నగల గురించీ ఆ పిల్ల ఎవరినీ ఏమీ అడగలేదు. అన్నను మాత్రం ఒక కోరిక కోరింది.

"అన్నా, మేనమామలు నన్ను బుట్టల కూసోబెట్టి మండపానికి తెచ్చేటప్పుడు నువ్వు కట్టిన పాట రావాలె. నాయిన లేడు. నీ పాట వస్తే నాయిన ఎదురొచ్చినట్టే ఉంటది."

అనుదీప్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పకుండా కడతానని మాటిచ్చాడు. మాటిచ్చి ఏం చేశాడు? హార్మోనియం ముందు కూర్చున్నాడా? చెల్లెలి చిన్ననాటి ముచ్చట్లు గుర్తు చేసుకున్నాడా? లేదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఫోన్ తీశాడు.

చాలా రోజులు వెతికాడు. ఏదీ నచ్చలేదు. ఒక మధ్యాహ్నం ఒక వీడియో కనబడింది. ఒక యువతి భుజాన డప్పుతో నిలబడి ఏదో చెబుతోంది. అలవాటు ప్రకారం ఆ మాటలు దాటించేశాడు. డప్పు మోగింది. నిదానంగా మొదలై, దెబ్బకూ దెబ్బకూ మధ్య కాస్త ఆగి, మళ్లీ ఎత్తుకునే దరువు అది. వింటుంటే అనుదీప్ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఎప్పుడో ఎక్కడో విన్నట్టు, తన రక్తంలోనే ఉన్నట్టు అనిపించింది. ఇంత కదిలించింది కాబట్టి ఇదే అసలైన ప్రేరణ అనుకున్నాడు. ఆ దరువును ఉన్నదున్నట్టు కోసుకుని, దాని మీద వేణువు వేసి, వయొలిన్లు వేసి, సన్నాయి తొడిగాడు. పాటకు 'నా చెల్లికి' అని పేరు పెట్టాడు. కింద సంగీతం అనుదీప్ అని రాసుకుని, పెళ్లి రోజు పొద్దున్నే లోకమంతా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. మండపానికి చేరేలోపే అభినందనలు కుప్పలుగా వచ్చాయి.

ముహూర్తం దగ్గరపడింది. మేనమామలు సింధూజను బుట్టలో కూర్చోబెట్టి బయలుదేరారు. పెద్ద పెద్ద స్పీకర్లలో పాట మొదలైంది. నగరం నుంచి వచ్చిన కుర్రాళ్లు తలలూపారు, ఫోన్లెత్తి వీడియోలు తీశారు. ముందు వరసల్లో కూర్చున్న పల్లె చుట్టాలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలివాళ్లు కొందరు తెలియకుండానే లేచి నిలబడ్డారు. ఒకాయన తలపాగా తీసేశాడు. పెద్ద మేనమామ నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. పెళ్లికూతురున్న బుట్టను అక్కడే నేల మీద దించేశాడు.

"బంద్ చెయ్యుండ్రి" అని అరిచాడు.

పాట ఆగింది. ఏం జరిగిందో అర్థంకాక అనుదీప్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. భాగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కుర్చీలో కూలబడి ఉంది. కొడుకును చూసి కొంగు తీసింది.

"ఇది పీనుగను సాగదోలే దరువు కొడుకా. మీ నాయిన పాడె ముంగట కొట్టింది ఇదే. నిప్పుకుండ పట్టుకుని నువ్వే ముంగట నడిచినవు."

అప్పుడు అనుదీప్‌కు గుర్తొచ్చింది. ఎర్రటి ఎండ, కాలే కాళ్లు, చెయ్యి పట్టుకుని నడిపించిన చిన్నాయన, ముందు డప్పులు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నది అందుకు. కన్నతండ్రి చావును గుర్తుపట్టలేక దానికి ప్రేరణ అని పేరు పెట్టుకున్నాడు ఈ మహానుభావుడు.

సింధూజ బుట్టలోంచి తలెత్తి చూసింది. "ఇది నువ్వు కట్టిందేనా అన్నా?" అని అడిగింది.

అంతమంది ముందు అనుదీప్ నోట ఆ అలవాటైన మాటే వచ్చింది. "అంటే... ఇన్‌స్పిరేషన్ తీసుకున్నా" అన్నాడు.

సింధూజ తనే లేచి, పాటా లేకుండా మేళమూ లేకుండా నడుచుకుంటూ వెళ్లి పీటల మీద కూర్చుంది. పెళ్లికొడుకు మంచివాడు కాబట్టి తాళి కట్టాడు. అతని నానమ్మ మాత్రం అపశకునమని అక్షింతలు వేయకుండానే లేచిపోయింది, విస్తరి ముందు కూర్చోలేదు. ఆ తర్వాత అత్తగారింట్లో పాలు విరిగినా, ఎవరికైనా జ్వరం వచ్చినా ఆ ముసలావిడ పెళ్లినాటి దరువు మాట ఎత్తేది. పాపం, దొంగిలించింది అన్న. తలొంచుకుని మాటలు పడింది చెల్లెలు.

పెళ్లయిన మర్నాడు అనుదీప్ ఆ వీడియో మళ్లీ తీశాడు. ఈసారి మొదటి నుంచి విన్నాడు. ఆ యువతి పేరు రజిత. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుందట. డప్పు తండ్రి అయిలయ్య దగ్గర నేర్చుకుందట. ఊరందరినీ ఈ దరువుతో సాగనంపిన తండ్రి పోయినప్పుడు తనే డప్పు పట్టి ఆయన ముందు కొట్టిందట. ఇది అంతిమయాత్రకు కొట్టే దరువని, పండుగలకూ పెండ్లిళ్లకూ వేరే దరువులున్నాయని, ఎవరికి ఏది కావాలన్నా అడిగితే నేర్పుతానని స్పష్టంగా చెప్పి, ఫోన్ నంబరు కూడా ఇచ్చింది. అతను సోది అని దాటించేసిన మాటలు ఇవీ.

సిగ్గుపడుతూ ఆ నంబరుకు ఫోన్ చేశాడు. రజిత అప్పటికే అతని పాట విన్నది. అతను క్షమాపణ చెప్పి, కింద ఆమె పేరు కూడా పెడతానన్నాడు.

"నా పేరు కూడానా?" అంది రజిత. "మా బాపును సాగనంపిన దరువు మీద నీ పేరు రాసుకున్నవు. నా మాట కోసేసినవు, మా బాపు పేరు కోసేసినవు. అడిగితే పెండ్లి దరువు నేనే వచ్చి కొట్టేదాన్ని, మీ చెల్లె ముంగట ఆడుకుంటూ కొట్టేదాన్ని. ఒక్క ఫోన్ చెయ్యనీకి నోరు రాలేదా నీకు?"

పెళ్లిలో అందరూ అపశకునమన్నారని, తను కూడా చాలా బాధపడ్డానని అనుదీప్ ఏదో గొణిగాడు.

"మా దరువుల అపశకునం లేదు" అంది రజిత. "పోయినోళ్లకు అది మర్యాద. ఆ మర్యాదను ఎత్తుకపోయి అంగట్ల పెట్టింది నువ్వు. ముందు ఆ పాట తీసెయ్."

తీసేశాడు. ఎందుకు తీసేశావని జనం అడిగితే దాచకుండా నిజం రాశాడు. నిజం రాశాక ఇక ఆగే వీలు లేకపోయింది. శ్రీకాకుళం అమ్మాయి బొమ్మ తీసేశాడు. పడవవాడి రాగం మీద కట్టింది తీసేశాడు. ఒక్కొక్కటే తీస్తూ పోతే అతని పేజీలో చివరికి ఒక్క ఫోటో మిగిలింది. అది అతని సొంత మొహం. దాన్ని తీసింది కూడా ఇంకెవరో కెమెరామాన్, ఆ మనిషి పేరూ కింద లేదు.

కొన్నాళ్లకు సింధూజ పుట్టింటికి వచ్చింది. చిక్కిపోయి ఉంది. అనుదీప్ ఆమె పక్కన కూర్చుని, జరిగింది మరిచిపొమ్మన్నాడు. ఈసారి ఎక్కడా వెతకకుండా, నిజంగా తనే ఒక పాట కడతానన్నాడు. ఎంత బాగుంటుందో చూడమన్నాడు.

సింధూజ అన్న మొహంలోకి చూసింది.

"నేను మంచి పాట అడగలేదు అన్నా. నీ పాట అడిగిన. నువ్వు శ్రుతి లేకుండా రెండు ముక్కలు పాడినా నాకు సంతోషమే ఉండేది. ఇప్పుడు కడతవు, సరే. నా పెండ్లి మళ్లొస్తదా?"

ఈ ప్రశ్నకు జవాబు ఇంటర్నెట్‌లో కూడా దొరకదు.

పరుల కళ మన మనసును కదిలిస్తే ముందు వారి మాట వినాలి, వారి పేరు చెప్పాలి, వారి అనుమతి అడగాలి. అడగకుండా తీసుకున్నదానికి ప్రేరణ అని ఎంత అందమైన పేరు పెట్టినా అది దొంగతనమే.