దళవాయిగారి కట్టుదిట్టం

అనంతభూపాలుడికి రోజుకో మాట మీద గాలి మళ్ళేది. ఆ రోజు "కట్టుదిట్టం" మీద మళ్ళింది.

"పొద్దున లేస్తే కోట కాపలా కట్టుదిట్టంగా ఉందంటావు. అసలు ఆ మాటకు అర్థమేమిటయ్యా?" అని దళవాయి గంగప్పనాయుణ్ణి అడిగాడు. కోట కాపలా అంతా ఆయన చేతిలోనే ఉంది మరి.

దళవాయి మీసం దువ్వాడు. "నా అనుమతి లేనిదే చీమ కూడా లోపలికి రాకపోవడం ప్రభూ!"

కొలువులో అందరినీ నవ్వించే ఓబుళయ్య నోరు ఊరుకోలేదు. "లోపలే పుట్టిన చీమల మాటేమిటి నాయుడుగారూ?"

సభలో కిసుక్కుమన్నారు. దళవాయికి ఒళ్ళు మండింది.

"అయితే బయటికి పో! రేపు పొద్దు గుంకేలోగా మళ్ళీ ఈ సభలోకి రా, చూద్దాం. రాలేకపోయావో, ఇక ఈ కొలువు మొహం చూడకూడదు!"

రాజుకు సరదా పుట్టింది. సరేనన్నాడు.

మర్నాడు సాయంత్రం కోట వాకిట్లో ఒక గాజులమ్మ ప్రత్యక్షమైంది. చీర, ముసుగు, భుజాన గాజుల మలారం అన్నీ అమిరాయి. ముసుగు కింద గుబురు మీసం కూడా ఉంది.

దళవాయి ముసుగు లాగి పగలబడి నవ్వాడు.

"తరిమేయమంటారా దొరా?" అన్నాడు పక్కనున్న భటుడు.

తరిమేస్తే ఓబుళయ్యకు కొలువు పోయినట్టే. గబుక్కున దళవాయి కాళ్ళ మీద పడ్డాడు.

"తరిమేయండి నాయుడుగారూ, మీకు పుణ్యముంటుంది! ఈ వేషంతో రాజుగారి కంట మాత్రం పడనివ్వకండి. నలుగురిలో తలెత్తుకోలేను!"

"అలాగా?" దళవాయి కళ్ళు మెరిశాయి. "తాళ్ళు తేండ్రా!"

రెక్కలు విరిచి కట్టించి, తానే స్వయంగా ఈడ్చుకెళ్ళి, నిండు సభలో రాజు ఎదుట నిలబెట్టాడు.

"ఇదీ ప్రభూ, కట్టుదిట్టమంటే!"

ఓబుళయ్య కిటికీ వైపు చూశాడు. ఎండ ఇంకా ఉంది.

"పొద్దు గుంకలేదు ప్రభూ, నేను సభలోకి వచ్చేశాను. దళవాయిగారే దగ్గరుండి తీసుకొచ్చారు."

దళవాయి కూడా గబుక్కున కిటికీ వైపు తిరిగాడు.

"మరి ఆ మాటకు అర్థం?" అన్నాడు రాజు, నవ్వు ఆపుకుంటూ.

"కాపలాకు కట్టు ఒక్కటే చాలదు ప్రభూ, దిట్టమైన ఆలోచన కూడా ఉండాలి." ఓబుళయ్య వెనక్కి తిరిగి, తాళ్ళు బిగించిన చేతులు చూపించాడు.

"ఈ కట్టు నాయుడుగారిది, దిట్టం నాది!"

సభ గొల్లుమంది. రాజు సింహాసనం దిగొచ్చి, తన మెడలోని ముత్యాలహారం తీసి, కడుపుబ్బ నవ్వుతూ ఆ మీసాల గాజులమ్మ మెడలో వేశాడు.