ఆరబెట్టిన వాక్కాయ గింజలు

మా గురువు లోకనాథంగారికి ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. పని తెమిలేదాకా ప్రశ్న ఊసెత్తేవారు కారు. ఓపిక లేనివాళ్లు మధ్యలోనే వెళ్లిపోయేవారు. వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తే. ఇక్కడ చెప్పను.

తవిటినాయుడు మాత్రం వెళ్లలేదు. బొబ్బిలి దగ్గర బడిపంతులు. గురువుగారు నోరు విప్పితే చాలు, పుస్తకం తెరిచి రాసుకునేవాడు. అలా నాలుగు నోటుబుక్కులు నింపాడు. అప్పట్లో నాకు సంతకం కూడా సరిగ్గా రాదు. అందుకని పదిమందిలో నన్ను వేలిముద్రగాడు అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు గానీ, జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆషాఢంలో ఒకనాడు అతను అడిగాడు: "అయ్యా, మా అన్నకీ నాకూ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడట. మీ మాట విన్న పూట వెళ్లి చూడాలనే ఉంటుంది. ముందు రాసుకుని, మంచిరోజు చూసుకుని వెళ్దాంలే అనుకుంటాను. తీరా ఆ రోజు వచ్చేసరికి కాలు కదలదు. ఇన్ని రాసుకున్నా ఒక్కటీ ఎందుకు ఒంటబట్టలేదు?"

గురువుగారు పెరటివైపు చూశారు. "మేకలు తోటకూర మేసేస్తున్నాయి నాయుడూ. వాక్కాయ ముళ్లపొద అయితే మేక మూతి పెట్టదు. సంతలో కాయలు కొనుక్కొచ్చి, గింజలు వేసి దడి పెంచండి. తూర్పు వరస నీది, పడమర వరస వీడిది," అన్నారు. వీడంటే నేనే.

మొక్కలే తెచ్చి నాటవచ్చు కదా, గింజలెందుకని నాకూ అనిపించింది. అడగలేదు.

సంతలో కూరలమ్మే పైడమ్మ రెండు గంపలు పెట్టుకుని కూర్చుంది. నాయుడు ఎర్రగా, గట్టిగా ఉన్న కాయలు ఏరబోయాడు.

"పప్పులోకా బాబూ, మొక్కలకా?"

"మొక్కలకే."

"అయితే ఆ గంప వదిలీండి. అవి పచ్చి మీద కోసినవి. ఇవిగో, నల్లబడి చితికిపోయినవి, మీలాంటి పెద్దోళ్లు ముక్కు మూసుకునేవి, ఇవి పట్టుకుపోండి," అని చెరో దోసెడు కొలిచింది.

వచ్చీ రాగానే నేను పండ్లు అరచేతిలో నలిపి, ఆ జిగురు చేతులతోనే గింజలు మట్టిలో పెట్టేశాను. నాయుడు అది చూసి మోటుపని అన్నాడు. తన గింజలు మూడు నీళ్లలో కడిగాడు. నీడన ఆరబెట్టాడు. బూడిద కలిపి పొట్లం కట్టి, పొట్లం మీద తారీఖు వేశాడు. బీర గింజలు, ఆనప గింజలు వాళ్లమ్మ అలాగే దాచేదట. శ్రావణం మొదట్లో మంచి నక్షత్రం చూసి, తాడు పట్టి, జానకొక గింజ వేశాడు. వరసలో వంకర లేదు. అంతవరకూ ఒప్పుకుంటాను.

పడమర వరస మూడో వారానికే మొలిచింది. శ్రావణం దాటిపోయినా తూర్పున పచ్చన కనబడలేదు. రోజూ పొద్దున్నే వచ్చి వంగి చూసుకునేవాడు. ఇంతలో అన్న ఊరినుంచి రెండో కబురు వచ్చింది, మాట కూడా పడిపోతోందని. ఆ రోజు నాయుడు పుల్లతో మట్టి కెలికి, గింజలు అరచేతిలో పెట్టుకుని గురువుగారి ముందు నిలబడ్డాడు.

"నా జాగ్రత్తలో లోపమేమిటండీ? వేలిముద్రగాడికి మొలిచాయి, నాకు మొలవలేదు!"

నేను నవ్వాను. గురువుగారు నావైపు ఒక్క చూపు చూసేసరికి ఆపేశాను.

పైడమ్మ అప్పుడే కూరలు ఇవ్వడానికి వచ్చి అరుగు దగ్గర నిలబడి ఉంది. నాయుడి చేతిలోకి తొంగిచూసి బుగ్గ నొక్కుకుంది. "ఇదేటి పంతులుగోరూ! వాక్కాయ గింజని ఎవరైనా ఆరబెట్టి దాస్తారేటి? అదేటి ఆనపగింజనుకున్నారా? పండు చితికిన పూటే మట్టిలో పడాల. ఆరిందంటే చచ్చిందే!"

నాయుడు ఆ గింజలను అరుగు మీద పెట్టాడు. తరవాత, అలవాటు కొద్దీ, సంచిలోంచి అయిదో పుస్తకం తీసి కలం మూత విప్పాడు.

గురువుగారు లేచి వచ్చి, ఆ తెల్ల కాగితం మీద అరచెయ్యి ఆనించారు.

"మీ అన్న ఊరికి బస్సు ఎన్నింటికి నాయుడూ?"