చెరవైపు చూసే తల్లి

పూర్వం ఇసుకేటి పడమటి ఒడ్డున, కనుచూపు మేర దిబ్బలు తప్ప మరొకటి కానరాని మరుభూమిలో, కెంచప్పనాయకుడనే పాలెగాడు ఒక చెరసాల కట్టించాడు. ఊరే లేని చోట చెర ఎందుకయ్యా అంటే, అక్కడ గోడలకన్న దాహమే గట్టి కావలి అని ఆయన యోచన. తప్పించుకున్నవాడు ఏ దిక్కుకు పరుగెత్తినా, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాలుక పిడచగట్టుకొని, తనంతట తానే తిరిగివచ్చి తలుపు తడతాడు కదా! ఆ తలుపు కూడా సామాన్యమైనది కాదు. దూరపు అడవులనుంచి బండ్ల మీద తెప్పించిన టేకుమానులను కోయించి, ఇనుప గుబ్బలు తాపించి, ఏనుగు కుమ్మినా చలించని రెండు రెక్కలుగా నిలబెట్టించాడు. ఆ నేలలో అంతకు మించిన మాను లేదు, అంతకు మించిన నీడా లేదు.

చెర వెలిసిన తరువాత దాని చుట్టూ కావలివారి గుడిసెలు, సంకెళ్ళు సాగగొట్టే కమ్మరి కొలిమి, లోపలివారి కోసం వచ్చి తిరిగిపోలేక నిలిచిపోయిన ఆలుబిడ్డల కొట్టాలు ఒక్కొక్కటిగా మొలిచాయి. అలా వచ్చినవారిలో బొమ్మక్క ఒకతె. ఆమె పెండ్లి పసుపు ఇంకా ఆరనే లేదు. పెనిమిటి ఈరన్న ఎండిపోతున్న తన పల్లె జొన్నచేల మొర వినలేక, దొరగారి చెరువు తూము ఎత్తి నీళ్ళు మళ్ళించుకున్నాడు, పట్టుబడ్డాడు. మనిషిని కొట్టినవాడికైనా క్షమ ఉందేమో గాని, నీటిదొంగకు ఆ సీమలో క్షమ లేదు. సంకెళ్ళతో అతణ్ణి నడిపించుకుపోతుంటే, బొమ్మక్క చద్దిమూట నెత్తిన పెట్టుకొని ఆ అడుగుజాడల వెంటే ఇసుకలో నడిచివచ్చింది. తలుపు సందులోంచి జొన్నరొట్టె అందించేటప్పుడు వేళ్ళకు వేళ్ళు తాకే ఆ రెప్పపాటు కోసమే ఆమెకు రోజూ తెల్లవారేది.

ఆ చెరకు నీళ్ళు దూరపు బావినుంచి ఎద్దుల మీద తోలుతిత్తులలో వచ్చేవి. ఒక ఏడాది ఎండలు ఎంతటి ఉగ్రరూపం దాల్చాయంటే, ఎద్దులు దారిలోనే కూలాయి. లోపలివారితో బాటు కావలివారి గొంతులు కూడా ఎండాయి. కావలి పెద్ద చిక్కప్ప, గంపెడు మీసంతో, గంపెడు హాస్యంతో కాలం నెట్టుకొచ్చే మనిషి, అతడే స్వయంగా చెర వాకిటికి వచ్చిన నాయకుడి ఎదుట చేతులు జోడించి, “దొరా, ఇంక కొన్నాళ్ళు పోతే ఈ చెరలో దొంగలూ ఉండరు, మేమూ ఉండము. తలుపొక్కటే మీకు దండం పెడుతుంది,” అన్నాడు.

అప్పుడు లోపలినుంచి ఈరన్న గొంతెత్తాడు. ఏరు పైకి ఎండినా దాని కడుపులో, ఇసుక అడుగున, నీరు పారుతూనే ఉంటుంది. ఏటి వాలుకన్న తక్కువ వాలుతో అడుగునుంచి తవ్వుకుంటూ వస్తే, ఆ నీరు తనంతట తాను కాలువలోకి దిగి, తవ్విన దారి వెంట నడిచివస్తుంది. ఊటకాలువ అనే ఆ విద్య ఏటి ఒడ్డు రైతుబిడ్డలందరికీ తెలిసినదే గాని, దిబ్బల నడుమనుంచి తీసుకురావడానికి అంతవరకు ఎవరికీ గుండె చాలలేదు.

“నీళ్ళు ఎత్తుకపోయినోన్ని కదా దొరా, నీళ్ళు తెచ్చి ఆ తప్పు కడుక్కుంటా,” అన్నాడు ఈరన్న.

నాయకుడు మీసం దువ్వి నవ్వాడు. “ఎత్తుకపోయిన చెయ్యి తెచ్చిస్తుందా? సరే, చూస్తాను. తొలి ఏకాదశి పొద్దు కుంకేలోగా నీళ్ళు ఈ చెర గడపను తాకితే, లోపలున్న ప్రతివాడికీ విడుదల. తాకకుంటే మీ ఎముకలకు కూడా ఇక్కడే చెర!”

ఆహా, ఆ మాటతో ఆ చెరలో ఎంత ప్రాణం లేచివచ్చిందని! సగం మంది సంకెళ్ళు విడిపించుకొని పారలు పట్టారు. తక్కిన సగం మంది వారికి పూచీగా తలుపు వెనక మిగిలారు. దారి చూపవలసిన ఈరన్న తప్ప, ఒక రోజు తవ్వినవారు మరునాడు లోపల ఉండేవారు. బయట ఆడవాళ్ళు గంపలతో ఇసుక మోశారు. ఏటి గర్భంలో తొలి ఊట పడిన పూట, బొమ్మక్క దోసిటిలో ఆ నీళ్ళు పట్టి చెరదాకా పరుగెత్తుకొచ్చింది. దారిలో అన్నీ కారిపోగా తడిసిన అరచేతులు మాత్రం మిగిలాయి. ఆ తడి చేతులనే లోపలివారు తలుపు సందులోంచి ఒకరి తరువాత ఒకరు కళ్ళకద్దుకున్నారు.

జ్యేష్ఠం గడిచేలోగా కాలువ, వెనకనే నీళ్ళు, దిబ్బలను తప్పించుకుంటూ చెరకు ఎదురుగా ఉన్న ఆఖరి దిబ్బ మొదటికి చేరాయి. అక్కడ ఆగాయి. ఆ దిబ్బ చెరను మూడు వైపుల కౌగిలించుకొని ఉంది, నాలుగో వైపు మెరక, కనుక తప్పించే దారి లేదు, చీల్చుకొని రావలసిందే. తవ్విన ఇసుక తవ్వినట్టే పక్కలనుంచి జారిపడుతోంది. పొద్దున తీసిన గుంట సాయంత్రానికి కంటికి కానరాదు. రాళ్ళు కట్టుదామంటే, రాయి నిలిచేలోగానే ఇసుక కుప్పకూలుతోంది. ఇంతలో ఆషాఢం వచ్చింది, దానితో బాటు గాలి లేచింది. ఈరన్న దిబ్బ మీద కూలబడి, రొట్టె తెచ్చిన బొమ్మక్క ముఖం కూడా చూడలేక, “ఇంటికి పో మే. ఇది మనిషితో అయ్యే పని కాదు. నా పేరు చెప్పుకోని నీ బతుకెందుకు ఎండబెట్టుకుంటావు?” అన్నాడు.

“ఇల్లంటే యాడ?” అన్నది బొమ్మక్క. “నువ్వుండే కాడికి వచ్చినా, ఇంక యాడికి పొమ్మంటావు?”

అని కోపంతో కొట్టానికి తిరిగివచ్చి జొన్నలు చెరగడానికి కూర్చున్నదే గాని, మనసు మనసులో లేదు. గాలికి జొన్నరాశి జారిపోతుంటే అలవాటుగా రెండు చేటలు అటొకటి ఇటొకటి నిలువుగా గుచ్చి, నడుమనుంచి జొన్నలు తీసుకోసాగింది. రాశి జారడం మానింది. ఆమె చేయి ఆగిపోయింది. చేటల వంక చూసింది. తలెత్తి చెర తలుపు రెండు రెక్కల వంక చూసింది. చెరిగిన జొన్నలన్నీ ఇసుకపాలైనా తెలియనంత ఆత్రంతో చిక్కప్ప దగ్గరికి పరుగెత్తింది.

“మామా, తలుపు పీకియ్యి!”

“ఏం తలుపు?”

“ఇదే, ఈ తలుపే. దిబ్బలో అటొక రెక్క, ఇటొక రెక్క నిలబెడితే ఇసుక జారదు. నడుమ తవ్వి రాయి కట్టుకోని, రెక్కలు ముందుకు జరుపుకోని, మళ్ళీ తవ్వుకుంటా వస్తారు.”

చిక్కప్ప నోరు తెరిచాడు. “పాపా, ఎండదెబ్బ తగిలినట్టుంది, నీడకు రా. చెర తలుపు పీకి కాలవలో నాటాలంట! రేపు నా మీసం పీకి మొలతాడు పేనమంటావేమో!” అన్నాడు గాని, ఆమె కళ్ళలోని వెలుగు చూసి ఎగతాళి మానాడు. ఆ పూటే గుర్రపు రౌతును నాయకుడి దగ్గరికి పంపాడు.

నాయకుడు వచ్చాడు, గుర్రం దిగకుండానే సంగతి విన్నాడు. “తలుపు తీస్తే లోపలివాళ్ళకు పూచీ ఎవరు?”

“నేను, దొరా. గడప మీద నేను కూర్చుంటా.”

“నువ్వా? తలుపు గడియంత కూడా లేవు!”

“ఆ తలుపు ఇన్నేండ్లలో లోపలోళ్ళ కోసం ఒక్కనాడన్నా ఏడ్చిందా దొరా? నేను ఏడుస్తా. నన్ను దాటి ఒక్కడు పోయినా నా తల తీసుకోండి.”

నాయకుడు ఆమె వంక, తలుపు వంక మార్చి మార్చి చూశాడు. చివరికి కళ్ళెం లాగి, “పీకండి,” అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

పోతున్న గుర్రాన్ని చూసి చిక్కప్ప, “మా వంశంలో తలుపు లేని చెరను కాసిన మొదటి మొనగాణ్ణి నేనే,” అని తల పట్టుకున్నాడు.

కమ్మరులు కీళ్ళు విడగొట్టగా మహాతలుపులు రెండూ మోకుల మీద ఒరిగి, వందల చేతుల మీదుగా దిబ్బలోకి నడిచాయి. రెక్కల నడుమ ఇసుక కదలక నిలిచింది. జనం ఈలలు వేశారు. బొమ్మక్క తలంటుకొని, నొసట కుంకుమ దిద్దుకొని, తలుపు లేని ఆ వాకిట గడప మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నది. ఆమె వీపు చెరవైపు, ముఖం కాలువవైపు. ఎందుకంటే ఈరన్న అక్కడున్నాడు. అతని పార లేచినప్పుడల్లా ఆమె గుండె లేచేది, దిగినప్పుడల్లా దిగేది.

తొలి ఏకాదశి నాటికి దిబ్బ చాలావరకు చీలింది గాని, తెల్లవారుతూనే గాలి పిచ్చెత్తినట్టు లేచింది. ఆకాశం ఇసుకరంగు కట్టింది. పక్కనున్న మనిషి పక్కవాడికి కానరాక, కావలివారంతా తలపాగలు ముఖాలకు చుట్టుకొని గోడల వెంట ముడుచుకున్నారు. గాలి ఈడ్చి కొడుతుంటే ఇసుక బొమ్మక్క మోకాళ్ళను, నడుమును, రొమ్మును కప్పుకుంటూ వచ్చింది. ఆమె మాత్రం కన్నులు మూతలు పడుతున్నా కాలువవైపునుంచి తల తిప్పలేదు. వెనక్కు ఒరిగిపోబోతున్న సమయంలో, ఏదో వెచ్చని వీపు వచ్చి తన వీపుకు ఆనుకున్నట్టు తోచింది. అలసిన ఆడబిడ్డలు కల్లంలో ఒకరి వీపుకొకరు ఆనుకొని కూర్చుంటారే, అచ్చం అలాగే. ఎవరని అడగడానికి నోట్లో తడి లేదు.

లోపలివారిలో గుర్రప్ప అనేవాడు నాయకుడి గుర్రాన్ని తోలుకుపోయి పట్టుబడినవాడు, ఉడుకునెత్తురు మనిషి. తన కూతురు తనను చూడకుండానే నడక నేర్చిందని కబురు విన్న నాటినుంచి అతనికి నిద్ర లేదు. ఇంతటి చీకటిగాలి మళ్ళీ దొరకదు, తలుపు లేదు, కావలి లేదు, ఒక్క దూకు దూకితే చాలు! చప్పుడు కాకుండా గడపదాకా పాకివచ్చాడు. బొమ్మక్కకు ఆ అడుగుల సడి తెలియలేదు. హఠాత్తుగా వెనకనుంచి వణికే గొంతు మాత్రం వినబడింది.

“తప్పైంది తల్లీ! అట్ల చూడద్దు. నేను యాడికీ పోను, లోపలికే పోతాండా...”

వెంటనే పసిబిడ్డలా వెక్కి ఏడ్చిన సవ్వడి. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తానెవరినీ చూడలేదే!

పొద్దు పడమట వాలుతుండగా దిబ్బలోనుంచి ఒక కేక పుట్టింది. మొదట ఒక గొంతు, తరువాత పది, తరువాత దిబ్బకు దిబ్బే అరిచినట్టు, “వస్తాండాయి! నీళ్ళు వస్తాండాయి!” ఆడవాళ్ళు గంపలు విసిరేశారు, కావలివారు బల్లేలు పారేశారు, చిక్కప్ప మీసంలో ఇసుకతో సహా ఎగిరి గంతులు వేశాడు. రెక్కల నడుమనుంచి ఎర్రని నురుగుతో, పుల్లలతో, ఇసుకను నాకుకుంటూ నీరు దూడలా ఉరికింది. దాని ముందు ఈరన్న వెనక్కు చూస్తూ, నవ్వుతూ, పడుతూ, లేస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. సూర్యబింబం ఇంకా దిబ్బ అంచున ఉండగానే నీళ్ళు గడపను తాకాయి! బొమ్మక్క మీది ఇసుకనంతా కడిగివేసి, ఆమె ఒడిలోకి ఎక్కాయి. ఈరన్న ఆ నీళ్ళలోనే మోకరిల్లి ఆమెను రెండు చేతులా లేవనెత్తాడు. మళ్ళీ చెరలోకి పోవలసిన పని లేకుండా వారు ఒకరినొకరు తాకడం ఎన్నాళ్ళకు!

ఆమె లేచిన చోట, అంతవరకు ఆమె వీపు ఆనుకున్న తావున, ఒక నల్లరాతి మూర్తి కూర్చుని ఉంది. ఇసుక కడిగిన కొద్దీ భుజాలు, జడ, బాసింపట్టు తేటపడ్డాయి. దాని వీపు వీరివైపు.

గుర్రప్ప లోపలినుంచి తడబడుతూ అడిగాడు. “అక్కా, ఇందాక నా వంక చూసింది నువ్వు కాదా?”

“కాలవ మీదినుంచి కన్ను తిప్పితే కదన్నా!” అన్నది బొమ్మక్క, తెల్లబోయి.

అప్పుడు తెలిసింది అందరికీ. ఆమె తన మగని కోసం బయటికి చూస్తూ కూర్చున్నది. లోపల ఉన్న అంతమందివైపు చూసేవారు ఎవరు? ఆ తల్లి వచ్చి కూర్చున్నది.

మాట నిలుపుకోవడానికి వచ్చిన నాయకుడు గుర్రం దిగి, మూర్తి వీపును చూసి, “ముఖం ఎటుంది?” అని అడిగాడు.

“లోపలికి ఉంది దొరా,” అన్నాడు చిక్కప్ప మెల్లగా. “చూడాలంటే చెరలోకి పోవాల్సిందే.”

ఎందరినో లోపలికి పంపిన ఆ దొర తాను ఏనాడూ ఆ గడప దాటినవాడు కాడు. చెప్పులు విడిచి, తలపాగ తీసి, వంగి లోపలికి నడిచాడు. బందీలు జరిగి చోటిచ్చారు. వారి నడుమ, వారి చెమట వాసనలో, వారు నిలిచిన నేల మీద నిలిచి వెనుదిరిగి అమ్మ ముఖం చూశాడు. ఏమి చూశాడో ఎవరికీ చెప్పలేదు. చాలాసేపటికి బయటికి వచ్చినప్పుడు మాత్రం, “ఈ వాకిటికి ఇంక తలుపు పెట్టవద్దు,” అన్నాడు.

విడుదలైనవారిలో గుర్రప్ప వంటి కొందరు బిడ్డల కోసం వెళ్ళి, బిడ్డలతోనే తిరిగివచ్చారు. తక్కినవారు ఈరన్నతో బాటు కాలువ కింద మళ్ళు కట్టుకొని అక్కడే స్థిరపడగా, ఆ ఊరికి చెరకాలువ అని పేరు వచ్చింది. తల్లి చెరలమ్మగా వెలసింది, ఆ చెరే ఆమెకు గుడి అయింది. ఆ కాలువ తొలి వంతు నీరు నేటికీ చెరవారి మళ్ళకే పారుతుంది. మేము చెరవాళ్ళమని ఆ ఇండ్లవారు గర్వంగా చెప్పుకుంటారు. ఏటా తొలి ఏకాదశికి ఊరంతా కాలువలో దిగి ఇసుక తోడుతుంటే, దిబ్బ అడుగున ఆ టేకురెక్కల నల్లని అంచులు బయటపడతాయి, జనం పసుపు పూస్తారు.

ఆ గుడిలో వాకిట నిలిచినవారికి అమ్మ వీపు మాత్రమే కనబడుతుంది. పెద్ద పెద్ద అధికారులు వచ్చి బయటినుంచే హారతి అడిగితే, పూజారి నవ్వి, పక్కకు జరిగి, ఈనాటికీ ఒకటే మాట అంటాడు: “లోపలికి రండి నాయనా, ఇంకా లోపలికి. బందీలు నిలబడిన చోటికి రండి. అమ్మ అక్కడికే చూస్తాంది.”