గీత గీసిన రాయి

మౌలాలి మేస్త్రీకి అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. నాపరాళ్ల గనిలో పని నేర్చుకునేవాళ్లు ఏదైనా అడిగితే, సుత్తి కింద పెట్టి, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, మళ్ళీ పనిలో పడేవాడు. అర్థం కానివాళ్ల కోసం ఆగేవాడు కాదు.

శిష్యుల్లో సుంకన్న డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క ఉలి పట్టినవాడు. పేపరు మాత్రం అక్షరం వదిలేవాడు కాదు. ఒక మధ్యాహ్నం, నక్షత్రాల్లో నిజంగా ఎవరైనా ఉంటే మనల్ని ఇన్నేళ్లుగా ఎందుకు పలకరించలేదని అడిగాడు.

మేస్త్రీ చెప్పింది ఇది. ఆయనకు ఇరవై ఏళ్లప్పుడు, అదే గనిలో, మనిషి చేయి ఎన్నడూ తగలని లోతున గుమ్మడికాయంత నున్నటి గుండు ఒకటి బయటపడింది. గనంతా దుమ్ము కమ్మినా దాని మీద రవ్వంత వాలలేదు. కొందరు కొబ్బరికాయ తెచ్చారు. ఆయన అన్న ఇమాంవలి, ముందు అది రాయో కాదో తేలనివ్వమన్నాడు. కోసే ముందు రాయిని సుత్తితో మెల్లగా మూడుసార్లు తట్టి, లోపల పగులుందేమో వినడం, ఉంటే కోయకుండా వదిలేయడం వాళ్ల పద్ధతి. అన్న అలాగే తట్టాడు. చప్పుడే రాలేదు.

మర్నాడు పని మొదలయ్యే వేళకు ఆ దెబ్బలు తిరిగొచ్చాయి. గుండులోంచి కాదు, అన్నదమ్ముల రొమ్ముల్లోంచి. రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన అన్నకు ఒక్క దెబ్బతోనే తట్టడం ఆగిపోయింది. మౌలాలికి మూడూ పడ్డాయి. తర్వాత చాలాసేపు ఎవరో లోపల చెవిపెట్టి వింటున్నట్టనిపించింది. ఆపైన గొంతు కింది నుంచి బొడ్డు దాకా చల్లగా ఏదో పాకింది. అన్న తమ్ముడి చొక్కా పైకెత్తి చూశాడు. రాయి కోయడానికి తాము గీసుకునేలాంటి తెల్లటి గీత, వంకర లేకుండా ఉంది.

"నువ్వు మంచిరాయని తేల్చినార్రా, తమ్ముడూ" అన్నాడు.

ఆ పూటే గుండు కనబడకుండా పోయింది. గీత మాత్రం ఎంత రుద్దినా పోలేదు. ఆరేళ్లకు అన్న దగ్గుతోనే కన్నుమూశాడు. జనాజా మోస్తూ ఏడ్చానని, లోలోపల అన్న మీద అసూయ కూడా పడ్డానని మేస్త్రీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. గీత పడ్డ నాటినుంచి పొద్దున్నే గనిలోకి దిగాలంటే భయమేనన్నాడు.

సుంకన్నకు ఆయన రొమ్ము వైపు చూడబుద్ధి కాలేదు. యాభై ఏళ్లయింది కదా, ఈపాటికి వాళ్లు మరిచిపోయుంటారని తనకు తోచిన ధైర్యం చెప్పాడు.

మేస్త్రీ సుత్తి అందుకున్నాడు.

"గీత గీసిన రాయిని మనం వదిలేసి పోతామా, అబ్బీ? అన్నానికి పోయింటారు."