సుంకన్న పాతిన తలపాగా

గుట్ట కింద బీడులో గొర్రెలు మేపుకునే సుంకన్నకు తన నీడ మీద కూడా అనుమానమే. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే చాలు, వీడికి నాతో ఏం పనిబడిందని రోజంతా బుర్ర బద్దలు కొట్టుకునేవాడు.

ఒకరోజు నేల పరీక్షలు చేసే హిమజ అనే అమ్మాయి వచ్చి, అతని బీడులో తెల్లటి నూలు గుడ్డ ముక్కలు పాతిపెట్టసాగింది. సుంకన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? మా మందకు చేతబడి చేస్తాండావా?" అని అరిచాడు.

హిమజ నవ్వింది. "కాదు పెద్దాయనా. మట్టిలో కంటికి కనపడని జీవాలుంటాయి. అవి బాగుంటే ఈ గుడ్డను తినేస్తాయి. వానలు తగ్గాక తీసి చూద్దాం. గుడ్డ అలాగే ఉంటే నేల నీరసించినట్టు. పైన గడ్డి పచ్చగా ఉన్నా సరే, కొన్నాళ్లు మేత ఆపాలి."

మేత ఆపాలన్న మాట ఒక్కటే సుంకన్న చెవికెక్కింది. 'ఓహో, అదా సంగతి! చెడిపోయిందని చెప్పి బీడు లాక్కుంటారు కాబోలు' అనుకున్నాడు. హిమజ పక్క బీడులోనూ గుడ్డలు పాతింది. అక్కడ మేపే ఈరమ్మనూ హెచ్చరించాడు.

"ఊరుకోన్నా! ఆయమ్మకు మన గొర్రెలతో ఏం పగ?" అంది ఈరమ్మ. దాంతో అతనికి ఈరమ్మ మీదా అనుమానం మొదలైంది.

వానలు తగ్గాయి. హిమజ వస్తోందని తెలిసి, సుంకన్న ముందే వెళ్లి గుడ్డలు తవ్వాడు. మట్టి దులిపితే కొత్తవాటిలా ఉన్నాయి. హిమజ చెప్పినట్టే నేల నీరసించిందన్నమాట. అయినా అనుమానమే గెలిచింది. పెంటదిబ్బలో చివికిపోయిన తన పాత తలపాగాను పీలికలు చేసి ఆ గుంటల్లో పూడ్చాడు.

హిమజ వాటిని తీసి చూసి, "నీ నేలకేం, భేషుగ్గా ఉంది. మేపుకో పెద్దాయనా" అంది. ఈరమ్మ బీడులో గుడ్డలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె వెంటనే మందను వేరేచోటికి తోలుకుపోయింది. పిల్లదాన్ని భలే బోల్తా కొట్టించానని సుంకన్న మీసం మెలేశాడు.

మరుసటి ఏడు వానలకు ఈరమ్మ బీడు పచ్చగా లేచింది. సుంకన్న బీడులో నీళ్లు ఇంకకుండా జారిపోయాయి. ముళ్లకంప తప్ప ఏమీ మొలవలేదు. ఈనిన గొర్రెలకు పాలు పడక పిల్లలు చచ్చిపోసాగాయి. ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని అతను భోరున ఏడ్చాడు.

"పాలిచ్చే గొర్రెల్ని నా బీడులోకి తోలుకురా అన్నా" అంది ఈరమ్మ. ఎందుకు రమ్మంటోందా అని అనుమానపడే ఓపిక కూడా లేక, అతను గొర్రెల్ని తోలుకెళ్లాడు.

హిమజ మళ్లీ గుడ్డలతో వచ్చినప్పుడు, సుంకన్న తలపాగా విప్పి, కొస చించి ఇచ్చాడు.

"ఈసారి ఇది పాతిపెట్టమ్మా. పోయినసారి గుడ్డలు మార్చింది నేనే. నిన్ను మోసం చేసినాననుకుంటి. నా గొర్రెపిల్లల నోటికాడి పాలు నేనే తీసేసినా."

నీతి: అనుమానం ఉంటే అడిగి తెలుసుకోవాలి. నిజాన్ని మార్చి ఎదుటివారిని మోసగించాలనుకుంటే, ఆ నష్టం మనల్నే నమ్ముకున్నవాళ్ల మీద పడుతుంది.