ఫిరంగుల మర్యాద

పూర్వం సముద్రపుటొడ్డున మొగలితీరమనే రాజ్యం ఉండేది. దాన్నేలే మార్తాండ భూపతికి మర్యాదల పిచ్చి. ఎదుటి గవ్వలదీవిలో దొంగలు కోట కట్టుకుని జాలరులను దోచుకుంటూంటే, దీవి మీదికి దండెత్తాలని నిశ్చయించాడు.

"బంట్లు పడవల్లో వెళ్లి దీవిలో దిగుతారు. వెనక నా ఓడ వస్తుంది. నేను ఒడ్డున కాలు మోపాక, నా గౌరవార్థం ఓడమీది ఫిరంగులు పేలాలి. అంతవరకు ఒక్కటీ పేలకూడదు" అన్నాడు.

ఆస్థానంలోని హాస్యగాడు కొండుభట్టుకు ఈ ఆజ్ఞ నచ్చలేదు. మోకాటి లోతు నీళ్లలో నడిచొచ్చే బంటును కోటమీది విలుకాడు తీరిగ్గా గురిచూసి కొడతాడు. ఒకరి ఆడంబరానికి ఇంకొకరు ప్రాణమివ్వడం పాపమని అతని నమ్మకం.

"ప్రభూ, ఫిరంగులు ముందే పేలితే దొంగలు తల దాచుకుంటారు. మనవాళ్లు క్షేమంగా దిగుతారు" అన్నాడు.

"యుద్ధం నాకే నేర్పుతావా? అయితే మొదటి పడవలో నువ్వూ ఎక్కు" అన్నాడు రాజు.

మర్నాడు రాజు సభకు వచ్చాడు. రోజూ ముందు నడుస్తూ బిరుదులు చదివే వందిమాగధులు ఆవేళ నోరు మెదపకుండా వెనకే వచ్చారు. రాజు వచ్చిన సంగతి తెలియక సభలో ఎవరూ లేవలేదు. ఆకూ వక్కా నములుతూ కబుర్లలో ఉన్నారు. "తోసుకోకయ్యా, నీ చోట నువ్వు కూర్చో" అంటూ దండనాయకుడు తిరిగి చూడకుండానే మోచేత్తో పొడిచాడు. కిరీటం దొర్లింది. రాజు దాన్ని వెతికి పట్టుకుని ఎలాగో సింహాసనం ఎక్కగానే, వందిమాగధులు రెండు చెవుల దగ్గరా చేరి గొంతు చించుకుని బిరుదులు చదివారు.

"ఆపండి. ఎవడు చెప్పాడు మీకిలా?" అని రాజు గర్జించాడు.

"నేనే ప్రభూ" అన్నాడు కొండుభట్టు. "ఫిరంగులకు తమరు పెట్టిన పద్ధతే వీళ్లకూ పెట్టాను. వచ్చేదాకా మౌనం, వచ్చాక గోల."

రాజు చెవి రుద్దుకుంటూ అడిగాడు.

"మరి ఎప్పుడు పేలాలంటావు?"

"పడవలు ఒడ్డు చేరేదాకా పేలుతూనే ఉండాలి. మనవాడి కాలు ఇసుక మీద పడగానే ఒడ్డును వదిలి కోట లోపలికి గురి మార్చాలి. లేకపోతే తమ చెవులకు పట్టిన గతే మనవాళ్ల వీపులకు పడుతుంది."

రాజు పకపకా నవ్వాడు. "అలాగే కానియ్. నువ్వు పడవ మానేసి నా ఓడలో కూర్చో."

"బంట్లతోనే వెళతాను ప్రభూ. ఓడలో అయితే దారి పొడవునా తమ బిరుదులు వినాలి."

రాజు ఇంకా గట్టిగా నవ్వి, తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

ఫిరంగులు ముందే పేలాయి. దీవి చిక్కింది. మొదటి పడవలో వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి ఎవరింట్లో వాళ్లు అన్నం తిన్నారు.