పాదాల రాయి

కాళ్ళు తన్నకుండా పడుకో మరి. పొద్దున పడవలోంచి వంగి నీళ్ళు చిమ్మావు చూడు, ఆ నీళ్ళ అడుగున ఒక ఊరుండేది. అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదులే, కొండల మధ్య ఆనకట్ట లేనప్పటి మాట.

ఆ ఊరి పేరు నెమలిబోడు. ఊరి చివర పెద్ద ఇటుకల దిబ్బ. ఏ కాలంలోనో బుద్ధుడి సన్యాసులు అక్కడ ఉండి చదువుకునేవాళ్ళట. ఆ దిబ్బ పక్కన తెల్లటి రాయి మీద రెండు పాదాలు చెక్కి ఉండేవి. పక్కూరు జమ్ములపాడులోనూ అలాంటి రాయి ఒకటి ఉండేది.

ఆ ఊళ్ళవాళ్ళకి ఒక ఆనవాయితీ. ఏ బిడ్డయినా మొదటి అడుగు ఆ పాదాల్లోంచే వెయ్యాలి. అంతదాకా పిల్లల్ని నేల మీద నిలబెట్టరు. ఊళ్ళూళ్ళు నడిచిన మహానుభావుడి పాదాలవి, వాటిల్లో నిలబడ్డ బిడ్డ దారి తప్పదని వాళ్ళ నమ్మకం.

నెమలిబోడులో అంకమ్మ, ఎల్లమంద అని మొగుడూ పెళ్ళాలు. ఇక పిల్లలు పుట్టరేమో అనుకున్నాక వాళ్ళకో ఆడపిల్ల పుట్టింది. పున్నమ్మ అని పేరు పెట్టుకున్నారు. పిల్ల పారాడుతుంటే అంకమ్మకి ఒకటే ధ్యాస, దీన్ని ఆ పాదాల్లో ఎప్పుడు నిలబెడతానా అని.

అప్పుడు ఆనకట్ట కట్టేవాళ్ళు వచ్చారు. లోయంతా నీళ్ళొస్తాయి, ఊరు ఖాళీ చెయ్యాలన్నారు. ఊరంతా నవ్వింది. మన ఏరు ఎంత పొంగినా దిబ్బ దాటలేదులే అని ముసలాళ్ళు చుట్టలు వెలిగించుకున్నారు.

ఆ తర్వాత తవ్వకాల వాళ్ళు వచ్చారు. చెక్కిన రాళ్ళన్నీ కొండ మీదికి చేరుస్తాం, అక్కడికి నీళ్ళందవు, ఉన్నవన్నీ చూపించండి అని బతిమాలారు. జమ్ములపాడు వాళ్ళు తమ పాదాల రాయిని ఇచ్చేశారు. అంకమ్మకి మాత్రం గుండెల్లో రాయి పడింది. వీళ్ళు దాన్ని గదిలో పెట్టి తాళమేస్తే నా పున్నమ్మ ఎక్కడ నిలబడుతుంది, మీ పిల్లలెక్కడ నిలబడతారు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరికీ నిజమే అనిపించింది. గొయ్యి తీసి, రాయిని బోర్లా పడుకోబెట్టి, మన్ను కప్పి, మీద గడ్డివామి వేశారు. మా ఊళ్ళో ఏమీ లేవని చెప్పి వాళ్ళని పంపేశారు. ఒకవేళ ఊరు వదలాల్సే వస్తే, ఆనాడు బండిలో మనతోనే తీసుకుపోదాం అనుకున్నారు.

ఆ తర్వాత నీళ్ళే వచ్చాయి. చెప్పినదానికంటే ముందే వచ్చాయి, అదీ జోరు వానలో. లారీలు తెచ్చి ఎక్కండి ఎక్కండి అని ఒకటే తొందర. ఎల్లమంద పలుగు పట్టుకుని వామి దగ్గరికి పరిగెత్తాడు. తడిసిన వామి కదిలితేనా! నీళ్ళు మోకాళ్ళకి తగిలేదాకా పెనుగులాడి, ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. అంకమ్మ లారీలో పిల్లని గుండెకి అదుముకుని కూర్చుంది.

కొత్త ఊళ్ళో ఒకనాడు అంకమ్మ పొయ్యి రాజేసుకుంటుంటే, పున్నమ్మ తనంతట తానే లేచి నడిచేసింది. ఎక్కడనుకున్నావు, రేకుల పాక ముందు కంకర మీద. అందరూ మురిసిపోయారు. అంకమ్మ మాత్రం ముసుగుతన్ని పడుకుంది. ఆ తర్వాత పిల్ల తట్టుకుని పడితే నా వల్లే, జ్వరమొస్తే నా వల్లే అనేది. పిచ్చిది, కంకర మీద నడిచినా నడకే కదా! కానీ మనసుకి ఎవరు నచ్చచెప్తారు?

పున్నమ్మ పెద్దదై, పెళ్ళయి, కొడుకుని కంది. వాడు నిలబడబోయే వేళకి అంకమ్మ కూతుర్నీ మనవణ్ణీ తీసుకుని పడవెక్కింది. తవ్వకాల వాళ్ళు రాళ్ళు చేర్చిన కొండ ఇప్పుడు నీళ్ళ నడుమ దీవి అయింది కదా, అక్కడికి. పడవలో వాళ్ళంతా ఆ కొండలూ ఆ నీళ్ళూ చూసి ఎంత బాగుందో అంటున్నారు. అంకమ్మేమో మన ఇల్లు ఇక్కడ, కాదు అక్కడ అని వెతుక్కుంటోంది. నీళ్ళన్నీ ఒకేలా ఉంటే ఏం తెలుస్తుంది చెప్పు?

కొండెక్కి చూస్తే గదీ లేదు, తాళమూ లేదు. వేపచెట్టు నీడన, ఆరుబయట ఉంది జమ్ములపాడు రాయి. ఆ ఊరి కోడలెవరో తన బిడ్డని అందులో నిలబెడుతోంది. కాపలా పెద్దాయన చూసి నవ్వుతున్నాడు. అంకమ్మ అక్కడే చతికిలబడిపోయింది.

ఆయన దగ్గరికొచ్చి, ఏ ఊరమ్మా అన్నాడు. నెమలిబోడు అని చెప్పింది. అక్కడా ఇలాంటి రాయి ఉండాలని తవ్వినవాళ్ళు అనేవాళ్ళే, అదేమైందని అడిగాడు.

"దాచుకున్నామయ్యా," అంది అంకమ్మ. "ఎవరికీ దొరక్కూడదని దాచుకున్నాం. మాకే దొరక్కుండా పోయింది."

ఆ మాట విని జమ్ములపాడు కోడలు తన బిడ్డని చంకనేసుకుని పక్కకి జరిగింది. మీవాణ్ణి నిలబెట్టు పెద్దమ్మా, రాయేం అరిగిపోదు అంది. పున్నమ్మ కొడుకుని ఆ పాదాల్లో నిలబెట్టింది. వాడు రెండడుగులు వేసి వచ్చి అమ్మమ్మ ఒళ్ళో పడ్డాడు. నవ్వాల్సిందిపోయి, అంకమ్మ వాణ్ణి పట్టుకుని భోరున ఏడ్చింది. నెమలిబోడు రాయి ఇప్పటికీ ఆ అడుగునే ఉంది తల్లీ, ఏ పసిపాదమూ పడకుండా, బోర్లా.

రాయి నీళ్ళ అడుక్కి,
పడవ మన ఒడ్డుకి,
కథ వెళ్ళె కంచికి,
నిదర రావె కంటికి.